నడుముకు సరిపోతే తొడ దూరదు, తొడ దూరితే నడుము జారుతుంది: సైకిల్ కాళ్లకు ప్యాంటు ఎట్లా?

చంద్రగిరి_చక్రం
32 నడుము ప్యాంటు తొడ దగ్గరే ఆగిపోతుంది. 36 తీసుకుంటే తొడ దూరుతుంది గానీ నడుము దగ్గర గుప్పెడు గుడ్డ మిగిలిపోతుంది, బెల్టు బిగిస్తే వెనకంతా ముడతలు. నా కొలతలు: నడుము 32, సీటు (పిరుదుల చుట్టుకొలత) 40, తొడ 25, పిక్క 16 అంగుళాలు. రోజూ చంద్రగిరి నుంచి తిరుపతికి సైకిల్ మీదే కాలేజీకి వస్తాను, ఆదివారాలు భాకరాపేట ఘాట్ ఎక్కుతాను. పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి ఫార్మల్ ప్యాంటు తప్పనిసరి.

పోయిన వారం ఒక పెద్ద షోరూమ్‌కు వెళ్లాను, పేరెందుకులెండి. ట్రయల్ రూములో ఒకదాని తర్వాత ఒకటి వేసి చూస్తుంటే సేల్స్ అబ్బాయి బయట నుంచి "సార్, ప్లస్ సైజు సెక్షన్ పైన ఉంది, అక్కడ చూడండి" అన్నాడు. అక్కడ నడుము 40 నుంచి మొదలవుతుంది. నా నడుము 32 అని చెబితే నమ్మలేదు, టేపు తెప్పించి కొలిచి చూపించాల్సి వచ్చింది.

ఉన్న ప్యాంట్లన్నీ లోపలి తొడ దగ్గర అరిగిపోయి, వెలుతురుకు పట్టి చూస్తే చేతివేళ్లు కనబడుతున్నాయి. మొన్న క్లాసులో కింద పడిన డస్టర్ తీయడానికి వంగితే సీటు కుట్టు విడిపోయింది. మిగతా పీరియడ్ అంతా బోర్డుకు ఆనుకునే పాఠం చెప్పాను.

మీరంతా ఎట్లా నెట్టుకొస్తున్నారు? కొంటున్నారా, కుట్టించుకుంటున్నారా?

రేణిగుంట_రైడర్
నేను ఫార్మల్స్ వదిలేసి జీన్స్‌కు వచ్చేశాను. లీవైస్‌లో 541 అని ఒక నంబరు ఉంది, అథ్లెటిక్ ఫిట్ అంటారు. సీటు, తొడ వదులుగా ఉండి మోకాలి కింద నుంచి సన్నబడుతుంది. 511 జోలికి పోవద్దు, అది స్లిమ్. పిక్క దగ్గరే పట్టేస్తుంది.

చంద్రగిరి_చక్రం
మా కాలేజీలో జీన్స్ వేసుకోనివ్వరు అన్నా. ఆదివారానికి పనికొస్తుంది, నంబరు రాసిపెట్టుకున్నా.

కొర్లగుంట_కుర్రోడు
నల్ల జాగర్స్ వేసుకోండి సార్. దూరం నుంచి ఫార్మల్ లాగే ఉంటుంది.

చంద్రగిరి_చక్రం
మొదటి బెంచీ దూరం కాదు తమ్ముడూ.

పాకాల_పెడల్
దీనికింత టెన్షన్ ఎందుకు? 36 కొనండి, ఆల్టరేషన్ షాపులో నడుము 32కి తగ్గించమనండి. పది నిమిషాల పని. నేను ఎప్పటి నుంచో ఇదే చేస్తున్నా.

బైరాగిపట్టెడ_బెల్
పాకాల అన్నా, నాలుగు అంగుళాలు వెనక కుట్టులోనే లాగేస్తే రెండు వెనక జేబులు ఒకదానికొకటి ఆనుకుంటాయి. నాకు అట్లాగే చేసిచ్చారు. పర్సు పెడితే నడుం మధ్యలోకి వస్తుంది. రెండు అంగుళాల దాకా అయితే సరే.

పాకాల_పెడల్
షర్టు బయటికి వదులుకుంటే ఎవరికి కనబడుతుంది?

బైరాగిపట్టెడ_బెల్
ఆయన టక్ చేసుకుని పాఠం చెప్పాలి కదా.

కత్తెర_మాస్టర్
తిరుపతిలో ప్యాంట్లు కుట్టే వృత్తి నాది, మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. ఈ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను.

ముందు రెడీమేడ్ ఎందుకు సరిపోదో చెబుతాను. కంపెనీవాళ్లు ఒక సైజుకు నమూనా తయారు చేసుకుని, దాన్నే పెంచుకుంటూ తగ్గించుకుంటూ మిగతా సైజులు తీస్తారు. నడుము రెండు అంగుళాలు పెరిగితే తొడ చుట్టుకొలత సుమారు అంగుళమో అంగుళంపావో పెరుగుతుంది. అంటే తొడలో మూడు అంగుళాలు కావాలంటే మీరు నడుములో ఐదారు అంగుళాలు కొనుక్కోవాలి. వాళ్ల లెక్కలో లావు కాళ్లంటే లావు పొట్ట కూడా ఉన్నట్టే. సేల్స్ అబ్బాయి మిమ్మల్ని పై అంతస్తుకు పంపింది ఈ లెక్క వల్లే, అతని తప్పు కాదు.

టైలర్ దగ్గరికి వెళ్లినా ఒక చిక్కు ఉంది. మాలో చాలామంది తొడ కొలత తీసుకోరు. పొడవు, నడుము, సీటు, మోకాలు, బాటం (కింద కాలి అంచు చుట్టుకొలత) రాసుకుంటారు. తొడను సీటు కొలత నుంచి లెక్కకట్టి గీస్తారు. మామూలు ఒంటికి ఆ లెక్క సరిపోతుంది. మీ ఒంటికి సరిపోదు. కాబట్టి "తొడ కూడా కొలవండి మాస్టరూ" అని మీరే అడగాలి. అడిగితే ఎవరూ కాదనరు.

ఎక్కడ కొలవాలి? రెండు చోట్ల. కాళ్లు కలిసే చోటికి అంగుళం కింద ఒకటి. తొడ మధ్యలో ఇంకొకటి. సైకిల్ తొక్కేవాళ్లకు మోకాలి పైన కండ ఉబ్బి ఉంటుంది. పైన వదులుగా ఉన్న ప్యాంటు కూడా సరిగ్గా అక్కడే పట్టేస్తుంది. నిలబడి ఒకసారి, స్టూలు మీద కూర్చుని ఒకసారి కొలిపించుకోండి. కూర్చుంటే తొడ పరుచుకుని కొలత పెరుగుతుంది, ఆ పెద్ద కొలతే మనకు ముఖ్యం.

ఇక కటింగ్. తొడకు గుడ్డ ఎక్కువ కావాలి కదా అని పక్క కుట్టులో పెంచేస్తే ప్యాంటు తుంటి కింద బయటికి ఉబ్బుతుంది, చూడ్డానికి బాగుండదు. లోపలి వైపు, ముఖ్యంగా వెనక పలకలో, కాళ్లు కలిసే చోట ముందుకు పొడుచుకు వచ్చే భాగాన్ని పెంచాలి. మేం దాన్ని ఫోర్క్ అంటాం. అక్కడ ముప్పావు అంగుళం పెంచితే తొడ తిరుగుతుంది, సీటు చిరగదు.

చంద్రగిరి_చక్రం
మాస్టరు గారూ, ఇన్నేళ్లలో ఎవరూ నా తొడ కొలవలేదు. మీరు చెప్పాకే తెలిసింది. సీటు కుట్టు మాటిమాటికీ విడిపోవడం కూడా దీనివల్లేనా?

కత్తెర_మాస్టర్
రెండు కారణాలు. ఒకటి, ఫోర్క్ చాలక వంగినప్పుడు లాగుడంతా కుట్టు మీదే పడుతుంది. రెండోది, ఆ కుట్టు వంకర మీద పోతుంది. కుట్టేటప్పుడు గుడ్డను కాస్త సాగదీసి పట్టుకుని, అదే గీత మీద రెండుసార్లు కుట్టాలి. సాగదీయకుండా కుడితే గుడ్డ సాగుతుంది, దారం సాగదు, టప్‌మని తెగుతుంది. విడిపోయిన ప్యాంటు పారేయకండి, గుడ్డ చిరగకపోతే మళ్లీ కుట్టొచ్చు.

అలిపిరి_మెట్టు
అసలు తొడలు అంత పెరగకుండా తొక్కొచ్చు కదా? ఘాట్ మీద పెద్ద గేరు వేసి బలమంతా పెట్టి తొక్కితే కండ పెరుగుతుంది, మోకాళ్లూ పోతాయి. చిన్న గేరు వేసి నిమిషానికి 85, 90 సార్లు తిప్పండి. నేను తరచూ అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కుతాను, నా కాళ్లు సన్నగానే ఉన్నాయి.

చిత్తూరు_చైన్
దీంతో నేను ఒప్పుకోను. ప్యాంటుకు సరిపోవడానికి కాళ్లు తగ్గించుకోవాలా? కష్టపడి సంపాదించుకున్న కాళ్లు అవి.

ఒంటి తీరు మనిషికీ మనిషికీ వేరు. ఒకే రోడ్డు మీద ఒకేలా తొక్కినా ఒకరికి కండ వస్తుంది, ఇంకొకరికి రాదు. కొండలెక్కే రేసర్లను చూడండి, సన్నగా ఉంటారు. ట్రాక్ మీద పొట్టి దూరం స్ప్రింట్ చేసేవాళ్ల తొడలు చూస్తే ఆశ్చర్యపోతాం. జర్మనీకి చెందిన రాబర్ట్ ఫోర్స్టెమాన్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో టీమ్ స్ప్రింట్ కాంస్యం గెలిచిన జట్టులో ఉన్నాడు. అతని పతకం కన్నా తొడల ఫోటోలే ఎక్కువ మంది చూసి ఉంటారు. అతనికి ప్యాంటు ఎవరు కుడతారో గానీ, ఆ టైలర్ దొరికితే ఈ థ్రెడ్ ఇక్కడే అయిపోయేది.

అలిపిరి_మెట్టు
నేను చెప్పింది మోకాళ్ల కోసం. చిన్న గేరు మాట మీదే ఉంటాను. ప్యాంటు సంగతి మాస్టరు గారికే వదిలేస్తున్నా.

కొర్లగుంట_కుర్రోడు
నేను కొత్తగా సైకిల్ మొదలుపెట్టా. నాకూ అట్లా పెరుగుతాయా? ఇప్పుడే అరడజను ప్యాంట్లు కొన్నాను.

చిత్తూరు_చైన్
రోజూ ఆఫీసుకు వెళ్లొచ్చే తొక్కుడుకు అంత పెరగవు తమ్ముడూ, గట్టిపడతాయి అంతే. స్ప్రింట్లు, జిమ్‌లో బరువులు పెట్టి స్క్వాట్లు చేస్తే అప్పుడు సంగతి వేరు. నీ ప్యాంట్లకు ఏం కాదు.

పుత్తూరు_ప్రయాణి
ఇక్కడందరూ మగవాళ్ల ప్యాంట్ల గురించే మాట్లాడుతున్నారు. మా బాధ ఇంకా ఎక్కువ. ఆడవాళ్ల ఫార్మల్ ప్యాంట్లు స్లిమ్ తప్ప వేరే రకం దొరకడమే కష్టం. జేబులు లేవు, తొడ పట్టేస్తుంది, పిక్క దగ్గర మరీ. ఆఫీసుకు చుడీదార్ వేసుకుందామంటే పిక్క దాటి పైకి రాదు. వదులుగా కుట్టించుకుంటే కింద ముడతలు నిలబడవు, పైజమా అయిపోతుంది. లెగ్గింగ్స్ ఒక్కటే దారి అంటున్నారు, నాకేమో ఆఫీసుకు అవి ఇష్టం లేదు.

ఇంకో మాట. పుత్తూరు నుంచి నారాయణవనం వైపు పొద్దున తొక్కుతుంటే చూసేవాళ్లు "అమ్మాయికి ఇంత లావు కాళ్లా" అని మొహం మీదే అంటారు. ఈ కాళ్లతోనే మా ఊరి నుంచి కాళహస్తి దాకా వెళ్లొస్తాను. నాకు వీటి మీద గర్వమే తప్ప సిగ్గు లేదు. సరిపోయే బట్ట మాత్రం కావాలి.

చిత్తూరు_చైన్
శెభాష్ అక్కా.

కత్తెర_మాస్టర్
అమ్మా, చుడీదార్ గుడ్డను ఐమూలగా కత్తిరించాలి. ఐమూల గుడ్డ తనంతట తానే సాగుతుంది, అందుకే చుడీదార్ కాలికి అతుక్కున్నా మడమ దాటుతుంది. ఇప్పుడు గుడ్డ ఆదా కోసం చాలాచోట్ల నిలువుగా కత్తిరిస్తున్నారు, అది సాగదు. "ఐమూల కటింగే కావాలి, గుడ్డ ఎంత పట్టినా ఫర్వాలేదు" అని చెప్పండి. దాంతో పాటు చీలమండ దగ్గర లోపలి కుట్టు నాలుగు అంగుళాలు తెరిచి హుక్కులు పెట్టించండి. వేసుకునేటప్పుడు తెరిస్తే మడమ సులువుగా దాటుతుంది, పైన పిక్కకు కావాల్సినంత వదులు ఇచ్చుకోవచ్చు. పొడవు ఎక్కువ ఉంచితే ముడతలు అవే నిలుస్తాయి.

పుత్తూరు_ప్రయాణి
హుక్కుల ఆలోచన బాగుంది మాస్టరు గారూ. ప్యాంటు సంగతి? మగవాళ్ల ప్యాంటు కొనుక్కుంటే జేబులైనా వస్తాయి అనుకుంటున్నా.

కత్తెర_మాస్టర్
వద్దమ్మా. మగవాళ్ల ప్యాంటులో నడుముకూ సీటుకూ మధ్య తేడా తక్కువ ఇస్తారు. మీకు సీటు సరిపోతే నడుము వెనక గ్యాప్ వస్తుంది. కుట్టించుకోండి, జేబులు ఎన్ని కావాలంటే అన్ని పెట్టిస్తాం.

ఎస్వీయూ_చరిత్ర
ఈ సమస్య గుర్రాల మీద తిరిగినవాళ్లకు ఎప్పుడో వచ్చింది. జోధ్‌పురీ బ్రీచెస్ చూశారా? తొడ దగ్గర బాగా ఉబ్బెత్తుగా, మోకాలి కింద కాలికి అతుక్కుని ఉంటాయి. జోధ్‌పూర్‌కు చెందిన సర్ ప్రతాప్ సింగ్ 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవానికి లండన్ వెళ్లినప్పుడు వాటికి ఇంగ్లండ్‌లో పేరొచ్చింది. సాగే గుడ్డ లేని రోజుల్లో కాళ్లు చాచి కూర్చోవాలంటే తొడ దగ్గర గుడ్డ వదలడం తప్ప మార్గం లేదు. సాగే దారం లైక్రా వచ్చింది 1958లో, డూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ కనిపెట్టాడు. అప్పటిదాకా అంతా కటింగ్ పనితనమే.

రేణిగుంట_రైడర్
అందుకే సాగే గుడ్డ, అంటే స్ట్రెచ్ తీసుకోమంటాను. లేబుల్ మీద 98 శాతం కాటన్, 2 శాతం ఎలాస్టేన్ అని ఉంటే కొనేయండి, లైక్రా అన్నా అదే. ఫార్మల్స్‌లో కూడా వస్తున్నాయి.

బైరాగిపట్టెడ_బెల్
స్ట్రెచ్ మొదట్లో హాయిగానే ఉంటుంది అన్నా. మన ఎండలకు ఎన్నాళ్లు? నా స్ట్రెచ్ ప్యాంటు మోకాళ్ల దగ్గర సాగిపోయి మళ్లీ వెనక్కి రాలేదు. నిలబడితే మోకాళ్లు వంగినట్టే కనబడుతుంది.

నగరి_నేత
మాది మరమగ్గాల ఇల్లు. మా వైపు నేసే పలచటి గుడ్డ ప్యాంటుకు పనికిరాదు గానీ, గుడ్డ సంగతి నాకు తెలుసు కాబట్టి చెబుతున్నా.

ఎలాస్టేన్‌కు వేడి పడదు. బాగా వేడిగా ఇస్త్రీ చేసినా, బ్లీచింగ్ తగిలినా సాగే గుణం చచ్చిపోతుంది. నీడలో ఆరేయండి, ఇస్త్రీ తక్కువ వేడి మీద చేయండి. చాకలికి వేస్తే ఈ మాట చెప్పి వేయండి.

కొనేటప్పుడు ఒక పరీక్ష. గుడ్డను అడ్డంగా, అంటే పేక వైపు, పది అంగుళాల మేర పట్టుకుని లాగండి. వదిలాక వెంటనే మళ్లీ పది అంగుళాలకు వస్తే మంచి గుడ్డ. వదులుగా వేలాడితే అక్కడే పెట్టేయండి. చాలా స్ట్రెచ్ గుడ్డలు పేక వైపే సాగుతాయి, పడుగు వైపు, అంటే పొడవు వైపు సాగవు. ప్యాంటుకు పడుగు నిలువుగా రావాలి. అప్పుడే సాగుడు తొడ చుట్టూ వస్తుంది. గుడ్డ మిగుల్చుకోవడానికి అడ్డంగా పరిచి కత్తిరిస్తే సాగుడంతా పొడవులోకి పోతుంది, తొడకు ఏమీ ఉండదు.

సైకిల్ సీటు మీద రాపిడికి సాదా నేత కన్నా ట్విల్ నేత ఎక్కువ ఆగుతుంది. దగ్గర నుంచి చూస్తే ఏటవాలు గీతలు కనబడతాయి, అదే ట్విల్. మరీ మందం వద్దు. మన వేసవిలో మందపాటి డ్రిల్ వేసుకుని చంద్రగిరి నుంచి వస్తే ఫస్ట్ పీరియడ్‌కు చెమటతో తడిసి ఉంటారు.

చంద్రగిరి_చక్రం
పడుగు, పేక సంగతి ఏ షాపులోనూ చెప్పరు. గుడ్డ ఎంత తీసుకోవాలి?

కత్తెర_మాస్టర్
58 అంగుళాల పన్నా, అంటే గుడ్డ వెడల్పు, అయితే ఒకటింబావు మీటరు. మీ కొలతలకు 1.30 తీసుకోండి. 36 పన్నా అయితే రెండు మీటర్లకు పైనే పడుతుంది. కాటన్ ఉన్న గుడ్డయితే ముందు రోజు రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి తీసుకురండి. కుట్టిన తర్వాత కుంచించుకుపోతే మీరు నన్ను తిడతారు.

నగరి అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. అడ్డంగా పరిచి కత్తిరించేవాళ్లు ఉన్నారు.

చిత్తూరు_చైన్
మీరంతా అసలు విషయం వదిలేస్తున్నారు. ప్యాంటు వేసుకుని తొక్కడమే వద్దు. సైకిల్ షార్ట్స్‌లో తొక్కి, చేరాక ప్యాంటు మార్చుకోండి. 200 కిలోమీటర్ల బ్రెవేకు, అంటే టైములోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ యాత్రకు, పదమూడున్నర గంటలు ఇస్తారు, అంతసేపు కుట్ల మీద కూర్చుంటే చర్మం ఊడుతుంది. జీన్స్ అయితే నాలుగు కుట్లు వచ్చి కలిసే ముడి సరిగ్గా సీటు మీదే వస్తుంది.

చంద్రగిరి_చక్రం
బ్రెవే వేరు చైన్ అన్నా. నాది పన్నెండు కిలోమీటర్ల దారి. మా కాలేజీలో మార్చుకోవడానికి చోటు లేదు, స్టాఫ్ రూమ్‌కు తలుపు కూడా సరిగా పడదు. ప్యాంటు మడతపెట్టి బ్యాగులో తెస్తే ఇస్త్రీ పోతుంది.

పుత్తూరు_ప్రయాణి
రోజూ సైకిల్ మీద పనికి వెళ్లే మేస్త్రీలు, పాలవాళ్లు, టీచర్లు ఎప్పుడు షార్ట్స్ వేసుకున్నారు? మామూలు బట్టల్లో తొక్కగలగాలి. దానికి తగ్గట్టు బట్ట ఉండాలి. నేను చక్రం సార్ వైపే.

చిత్తూరు_చైన్
సరే, మధ్యేమార్గం. లోపల ప్యాడ్ ఉన్న షార్ట్స్, పైన ప్యాంటు. ప్యాడ్ షార్ట్స్ లోపల ఇంకేమీ వేసుకోవద్దు, రాపిడి ఎక్కువవుతుంది. కొలతలు ఇచ్చేటప్పుడు ఆ షార్ట్స్ వేసుకునే ఇవ్వండి.

మందులకొట్టు
ఒక ముఖ్యమైన మాట. బిగుతు ప్యాంటు, చెమట, రాపిడి కలిస్తే తొడల మధ్య తామర వస్తుంది. ఎండాకాలం మా కౌంటర్‌కు వచ్చేవాళ్లలో ఇట్లాంటివాళ్లు చాలామందే. దయచేసి పేరు చెప్పి ట్యూబు ఇవ్వమని అడగకండి. స్టెరాయిడ్ కలిసిన క్రీములు రాస్తే రెండు రోజులు దురద తగ్గినట్టుంటుంది, తర్వాత తామర ఇంకా పాకిపోయి మొండిపడుతుంది. చర్మ డాక్టరుకు చూపించండి. తొక్కి వచ్చాక కడుక్కుని పొడిగా తుడుచుకోండి, తడి బట్టలతో కూర్చోకండి. వదులు ప్యాంటు ఫ్యాషన్ కాదని చాలామంది సిగ్గుపడతారు, చర్మానికి మాత్రం అదే కావాలి.

కొర్లగుంట_కుర్రోడు
అందరూ పంచె కడితే ఏ గొడవా లేదు కదా? తిరుమల ఆర్జిత సేవకు ఎట్లాగూ పంచె కట్టుకుని పోతాం, అదే అలవాటు చేసుకుందాం. ఏ తొడకైనా సరిపోతుంది.

అలిపిరి_మెట్టు
చైనులో పడితే పంచె చక్రానికి, నువ్వు రోడ్డుకు.

పాకాల_పెడల్
మా తాత గోచీ పోసి కట్టి పాకాల నుంచి చిత్తూరు దాకా సైకిల్ తొక్కేవాడు. ఒక్కసారి కూడా చైనులో పడలేదని చెప్పేవాడు.

రేణిగుంట_రైడర్
టాపిక్‌కు వద్దాం. కుడికాలి బాటం చైనుకు తగిలి నల్లబడటానికి ఏం చేస్తున్నారు? తొడ వదులైతే బాటం కూడా వదులవుతుంది కదా.

కత్తెర_మాస్టర్
అవసరం లేదు. తొడ 28 పెట్టి బాటం 15 దాకా దించొచ్చు. మోకాలి నుంచి కిందికి గీత మెల్లగా లోపలికి తెస్తే చాలు. మరీ 13 అంటే మాత్రం పిక్క దగ్గర పట్టి, కూర్చుని లేచినప్పుడు ప్యాంటు అక్కడే ఆగిపోతుంది, చేత్తో కిందికి లాక్కోవాలి. 16 అంగుళాల పిక్కకు 15 బాటం సరే.

బైరాగిపట్టెడ_బెల్
పాతకాలం ఇనుప క్లిప్పులు ఇప్పటికీ సైకిల్ షాపుల్లో దొరుకుతాయి. నేను వెల్‌క్రో పట్టీ వాడుతున్నా, రాత్రిపూట మెరిసే రకం. రెండు పనులూ అవుతాయి.

నిర్వాహకుడు
ఒక షాపు ఫోన్ నంబరుతో వచ్చిన రెండు పోస్టులు తీసేశాం. ప్రకటనలు ఇక్కడ వద్దు. కత్తెర మాస్టరు గారు తన షాపు పేరు చెప్పకుండా ఇంత ఓపిగ్గా రాస్తున్నారు, అది చూసైనా నేర్చుకోండి.

చిత్తూరు_చైన్
మాస్టరు గారూ, నడుము కింద ముందు ప్లీట్స్, అంటే మడతలు, పెట్టిస్తే మంచిదా? నా టైలర్ ఇప్పుడెవరూ వేసుకోవడం లేదని కొట్టిపారేశాడు.

కత్తెర_మాస్టర్
మీలాంటివాళ్లకు ఒక్కో వైపు ఒక్క ప్లీట్ చాలా మంచిది. నిలబడితే మూసుకుని ఉంటుంది, కూర్చుంటే తెరుచుకుని తొడకు చోటిస్తుంది. ప్లీట్ లేని ఫ్లాట్ ఫ్రంట్ ప్యాంటులో ఆ చోటు లేక జేబులు రెండూ చెవుల్లా బయటికి వస్తాయి. మీ జేబులు అట్లా విచ్చుకుంటున్నాయంటే సీటో తొడో చాలలేదని అర్థం. ఫ్యాషన్ సంగతి నాకు వదిలేయండి, సన్నగా కుట్టి ఇస్త్రీ చేస్తే ఎవరికీ తేడా తెలియదు.

వెనక నడుము పట్టీ ముందు కన్నా కాస్త ఎత్తు పెట్టించుకోవాలి. హ్యాండిల్ మీదికి వంగినప్పుడు షర్టు బయటికి రాదు.

ఎస్వీయూ_చరిత్ర
కాళ్లు కలిసే చోట డైమండ్ ఆకారంలో ఒక ముక్క వేసే పద్ధతి కూడా ఉంది. రాతి కొండలెక్కే అమెరికన్ మైక్ గ్రాహం 1980లలో గ్రామిచ్చి అనే కంపెనీ పెట్టి అట్లాంటి ప్యాంట్లకు పేరు తెచ్చాడు. నాలుగు కుట్లు ఒకేచోట కలవవు, కాలు ఎంత ఎత్తినా పట్టేయదు. ఫార్మల్‌కు కుదురుతుందా మాస్టరు గారూ?

కత్తెర_మాస్టర్
కుదురుతుంది, బయటికి కనబడదు కూడా. మన పైజమాల్లో, సల్వార్లలో అట్లా ముక్క వేయడం పాత అలవాటే. కానీ ప్యాంటులో చేయమంటే చాలామంది టైలర్లు విసుక్కుంటారు, పని ఎక్కువ. కుట్టుకూలి ఇంకాస్త ఇస్తానని ముందే మాట్లాడుకోండి. మా పనికి విలువిస్తే మేమూ మనసు పెడతాం.

అన్నిటికన్నా ముఖ్యం, లోపల గుడ్డ వదిలి కుట్టమనండి. సీటు వెనక ఒకటిన్నర అంగుళం, లోపలి తొడ కుట్టులో ముప్పావు. కాళ్లు ఇంకా పెరిగితే విప్పి వదులు చేయొచ్చు. రెడీమేడ్‌లో అంత గుడ్డ వదలరు. జీన్స్‌లో అయితే మడతపెట్టి రెండు వరసల కుట్టు వేస్తారు, విప్పడానికి ఏమీ ఉండదు.

పాకాల_పెడల్
కుట్టుకూలి, గుడ్డ కలిపితే రెడీమేడ్ కన్నా ఎక్కువే అవుతుంది. ఇంత ఖర్చు పెట్టాలా అని నా ప్రశ్న.

చంద్రగిరి_చక్రం
అన్నా, రెడీమేడ్ కొని, ఆల్టరేషన్‌కు ఇచ్చి, లోపలి తొడ అరిగి కొన్ని నెలలకే పారేసి మళ్లీ కొంటే అది తక్కువా? పైగా రోజంతా పిల్లల ముందు ఎప్పుడు చిరుగుతుందో అని నిలబడటం నాకిక వద్దు. తొక్కుతున్నంతసేపూ సుఖంగా ఉండి, దిగాక గౌరవంగా ఉండే ప్యాంటు ఒక్కటి చాలు.

మాస్టరు గారు చెప్పినట్టే గాంధీ రోడ్డులో గుడ్డ తీసుకున్నాను. ట్విల్, పేక వైపు లాగి చూసి మరీ కొన్నాను, షాపాయన వింతగా చూశాడు. రాత్రి నానబెట్టాను. రేపు మా వీధి టైలర్‌కు ఇస్తాను.

నగరి_నేత
ఏ రంగు?

చంద్రగిరి_చక్రం
ముదురు బూడిద. చైను మరక పడినా కనబడదని.

చంద్రగిరి_చక్రం
అప్‌డేట్. ట్రయల్ అయింది. తొడ కొలవమంటే టైలర్ మొదట నవ్వాడు, టేపు 25 దగ్గర ఆగేసరికి మళ్లీ కొలిచాడు. పచ్చి కుట్టు వేసిచ్చాడు. షాపు ముందే సైకిల్ స్టాండు వేసి, ఎక్కి కూర్చుని పెడల్ తిప్పి చూశాను. సీటు హాయిగా ఉంది, ప్లీట్ తెరుచుకుంటుంది, నడుము వెనక గ్యాప్ లేదు. కానీ పెడల్ పైకి వచ్చినప్పుడు మోకాలికి కాస్త పైన, కండ దగ్గర గుడ్డ బిగుస్తోంది. పై తొడ 28 పెట్టాడు, మధ్య తొడ 25 వచ్చింది. ఒంటి కొలత అక్కడ ఇరవైమూడున్నర.

కత్తెర_మాస్టర్
సైకిల్ ఎక్కి చూడటం మంచి పని. మధ్య తొడ 26కు పెంచమనండి. లోపలి కుట్టులో అరంగుళం, పక్క కుట్టులో అరంగుళం, అంతా ఒకే వైపు వద్దు. మోకాలి దగ్గర నుంచి మెల్లగా కలపాలి, బాటం ముట్టుకోవద్దు. పచ్చి కుట్టులోనే మళ్లీ ఒకసారి చూసుకున్నాక గట్టి కుట్టు వేయించండి.

పుత్తూరు_ప్రయాణి
నేను కూడా ఈ వారం ఇస్తున్నా, ప్యాంటు ఒకటి, ఐమూల చుడీదార్ ఒకటి. సార్, మీ కాగితం మీద రాసిన కొలతలన్నీ పెట్టండి. మాకు ఏమేం కొలిపించుకోవాలో తెలుస్తుంది.

చంద్రగిరి_చక్రం
కుట్టిన ప్యాంటు కొలతలు ఇవి: పొడవు 40, నడుము 32, సీటు 43, పై తొడ 28, మధ్య తొడ 26, బాటం 15. సీటు వెనక లోపల ఒకటిన్నర అంగుళం వదిలాడు.

కత్తెర_మాస్టర్
మోకాలు రాయలేదు.

చంద్రగిరి_చక్రం
20.

కత్తెర_మాస్టర్
సరిపోతుంది. కుట్టించేయండి.